అట్ట లేని పుస్తకానికి నేను పడ్డ బాకీ

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకుని, అక్కడక్కడ సరిచేసి వేస్తున్నాం.)



నన్ను అప్పుల వసూళ్ళ గురించి మాట్లాడమంటే బెరుకు లేకుండా మాట్లాడతాను. ఈసారి మన ఓబీలు "పిల్లల చదువు గురించి రెండు మాటలు చెప్పు" అన్నారు. నేను చదివింది ఏడో తరగతి. ఫీజుల గురించి, ర్యాంకుల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇక్కడ ఉన్నారు. అందుకని నాకు తెలిసిన సంగతే చెప్తాను. బాకీ గురించే చెప్తాను. అయితే ఈ బాకీ బ్యాంకుది కాదు, స్త్రీనిధిది కాదు. ఒక కథల పుస్తకానికి నేను పడ్డ బాకీ. ఇప్పటికీ తీరలేదు.

ఐదారేళ్ళ కిందటి మాట. మా పెద్దగుంట అప్పుడు తొమ్మిదో తరగతి. మా ఇంటాయనది హైదరాబాదులో తాపీ పని. సంక్రాంతికి ఒకసారి, ఊళ్ళో అమ్మవారి పండగకి ఒకసారి వస్తారు. మన జిల్లాల్లో ఇలాంటి ఇళ్ళు ఎన్నున్నాయో మీకు చెప్పక్కర్లేదు. మెరక ఊళ్ళవాళ్ళు హైదరాబాదు, చెన్నై, విశాఖపట్నం పోతారు. సముద్రం ఒడ్డు ఊళ్ళవాళ్ళు గుజరాత్‌లో వేరావల్ దాకా వేటకి పోతారు. ఇంట్లో మిగిలేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, ఎదుగుతున్న పిల్లలు. గుంట ఎదిగిన కొద్దీ తల్లికి గుండెల్లో భయం కూడా ఎదుగుతుంది. బడికెళ్ళిన పిల్ల పావుగంట ఆలస్యంగా వస్తే వీధిలోకి నాలుగుసార్లు తొంగి చూస్తాం.

ఆ భయంలో ఉండగా మా ఆడపడుచు వచ్చి, "వదినా, గుంటని మా అబ్బాయికి ఇచ్చీ. కట్నం అక్కర్లేదు. పెట్టుపోతలు అక్కర్లేదు. పదో తరగతి పరీక్షలు రాసీసాక ముహూర్తం పెట్టుకుందాం" అంది. మంచి కుర్రాడే. విశాఖపట్నంలో కంపెనీలో పని. నేను సరే అనీసాను.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. అంతకు రెండు నెలల ముందే మా గ్రామ సంఘంలో తీర్మానం రాశాం. పద్దెనిమిదేళ్ళు నిండకుండా ఏ సభ్యురాలూ కూతురికి పెళ్ళి చెయ్యకూడదని. మినిట్సు పుస్తకంలో దాని కింద మొదటి సంతకం నాది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం గురించి సీసీ గారు చెప్తుంటే తలూపింది నేనే. 1098 నంబరు గోడ మీద రాయించింది కూడా నేనే. తీర్మానం ఊరికి చేశాను. మా ఇంటికి వచ్చేసరికి మాత్రం "మేనరికమే కదా, బయటి సంబంధం కాదు కదా" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మా గుంట ఏమీ అనలేదు. అలగలేదు, ఏడవలేదు. మాట మాత్రం తగ్గించీసింది. నేను దాన్ని సిగ్గనుకున్నాను.

అప్పుడు రాత్రిపూట నేను అడ్డాకుల విస్తర్లు కుట్టేదాన్ని. ఒకరోజు మా గుంట ఒక పుస్తకం తెచ్చింది. ఎవరో స్నేహితురాలి దగ్గర తీసుకుందట. అట్ట లేదు. మొదటి కాగితాలు లేవు, చివరి కాగితాలు లేవు. "అమ్మా, నువ్వు కుట్టుకో. నేను చదువుతాను, విను" అంది. సరే చదవమన్నాను. నాలుగైదు రాత్రులు చదివింది.

అది పెద్ద రాజుల కథ కాదు, దెయ్యాల కథ కాదు. ఒక పల్లెటూరు. పదిహేనేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ చెడ్డది కాదు. కూతురంటే ప్రాణం. ఆ ప్రాణం వల్లే భయం, ఆ భయం వల్లే సంబంధం ఒప్పుకుంటుంది. పిల్ల బడి మానీసి, తన యూనిఫాం మడతపెట్టి ట్రంకుపెట్టె అడుగున పెడుతుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి చూసుకుని, మళ్ళీ అదే మడత మీద పెట్టీస్తుంది.

అక్కడ మా గుంట చదవడం ఆపింది. "అమ్మా, ఆ పిల్ల వాళ్ళమ్మకి ఎందుకు చెప్పలేదంటావు?" అని అడిగింది.

"ఏటుంది, తిడతాదని భయం కాబోలు" అన్నాను.

"తిడితే పర్వాలేదమ్మా. ఏడుస్తాదని భయం" అంది.

నా చేతిలో ఈనెపుల్ల అలాగే ఆగిపోయింది. దాని మొహం కేసి చూశాను. అది పుస్తకం కేసి చూస్తోంది. మా ఇద్దరి మధ్యా అన్ని నెలలూ రాని మాట, ఎవరో రాసిన పిల్ల నోటి మీదుగా వచ్చింది. దాని గురించి దానికి చెప్పుకోవడం చేతకాలేదు. ఆ పిల్ల గురించి అయితే చెప్పగలిగింది. నేను కూడా అంతే. నా కూతురి గురించి అయితే వాదించేదాన్ని. ఆ పిల్ల గురించి కాబట్టి వినగలిగాను.

మర్నాడు మా ఆడపడుచుకి ఫోన్ చేసి కాదన్నాను. సులువుగా అయిపోయిందని అనుకోకండి. మా ఇంటాయన నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మా ఆడపడుచు నిరుడు సంక్రాంతికి గానీ మళ్ళీ మా గడప తొక్కలేదు. మా గుంట ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. రేపు ఏమవుతుందో నాకు తెలీదు. దాని పెళ్ళి మాట మాత్రం ఇప్పుడు అదీ నేనూ కూర్చుని మాట్లాడుకుంటాం.

ఆ పుస్తకం ఎవరిదో వాళ్ళకి తిరిగి ఇచ్చీసింది. తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. అట్ట లేదు కాబట్టి పేరు తెలీదు. రాసింది ఆడమనిషో మగమనిషో తెలీదు. చివరి కాగితాలు లేవు కాబట్టి ఆ పిల్ల ఏమైందో కూడా తెలీదు. పది రూపాయలు అప్పు తీసుకున్నా వడ్డీతో సహా పుస్తకంలో రాసుకునేదాన్ని. నా కూతురి చదువు నిలబెట్టిన మనిషికి ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఒక్క మంచిమాట చెప్పలేదు. నేను పడ్డ బాకీ ఇదే.

ఒక కథ అంత పని చేస్తుందా అని మీలో కొందరికి అనుమానం రావచ్చు. ఇక్కడ కూర్చున్న మనందరికీ ఒక కథతో చుట్టరికం ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో కూలి ఆడవాళ్ళకి ఇచ్చిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. సారా వల్ల ఇళ్ళు ఎలా కూలిపోతాయో చెప్పే కథ. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, "ఇది మన కథే" అనుకుని, ఊళ్ళో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. దూబగుంట రోశమ్మ గారి పేరు మీరు వినే ఉంటారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే రూపాయిని రోజుకొకటి దాచుకుందామని అక్కడి ఆడవాళ్ళు పొదుపు మొదలుపెట్టారు. మన పొదుపు సంఘాలకి అది ఒక పెద్ద వేరు. కథ వాళ్ళకి హుకుం జారీ చెయ్యలేదు. వాళ్ళ బాధని వాళ్ళ ముందు పెట్టింది. మిగతాది వాళ్ళే చేసుకున్నారు.

ఇప్పుడు మన పిల్లల మాటకి వద్దాం. చిన్నపిల్లలకి కథలకి కరువు లేదు. మనం చెప్పిన కాకి కథలు, పేదరాశి పెద్దమ్మ కథలు ఉన్నాయి. 1947లో మొదలైన చందమామని మన అమ్మానాన్నల తరం చదివింది, మనమూ చదివాం. పెద్దవాళ్ళకి కథలు, నవలలు, టీవీ సీరియళ్ళు ఉన్నాయి. ఈ రెంటికీ మధ్య, పదమూడు నుంచి పద్దెనిమిది దాకా ఉన్న వయసు సంగతేటి? చందమామ చేతికిస్తే "మేం చిన్నపిల్లలమా" అంటారు. పెద్దల నవల పట్టుకుంటే "నీకెందుకే అది" అని మనమే లాక్కుంటాం. సరిగ్గా ఆ వయసులోనే ఒళ్ళు మారుతుంది, మనసు మారుతుంది. బడి మానడం, పెళ్ళి, ప్రేమ, పరీక్ష తప్పడం, ప్రాణం మీదికి తెచ్చుకోవడం అన్నీ ఆ ఐదేళ్ళలోనే ఉన్నాయి. చెప్పడానికి మనకి నోరు రాదు. అడగడానికి వాళ్ళకి నోరు రాదు. అప్పుడు వాళ్ళ చేతిలో మిగిలేది ఫోన్ ఒక్కటే.

ఈ లోటు మనకొక్కళ్ళకే కాదు. అమెరికాలో కూడా ఒకప్పుడు ఇలాగే ఉండేది. అక్కడ ఒక పదిహేనేళ్ళ అమ్మాయి, తన బడిలో పేద పిల్లలకీ డబ్బున్న పిల్లలకీ జరిగే గొడవలు చూసి, "మా గురించి నిజం చెప్పే పుస్తకం ఒక్కటీ లేదేం" అనుకుని తానే నవల రాయడం మొదలుపెట్టింది. అది 1967లో అచ్చయింది. అప్పటికి ఆ పిల్లకి పద్దెనిమిదేళ్ళు. ఆ నవల పేరు 'ది అవుట్‌సైడర్స్'. ఆవిడ పేరు ఎస్.ఇ. హింటన్. పూర్తి పేరు సూసన్ అని వేస్తే, ఆడపిల్ల మగపిల్లల గురించి రాసిందని తేలిగ్గా చూస్తారేమోనని ప్రచురణకర్తలు పొట్టి అక్షరాలే వేశారు. ఆ తర్వాత ఆ వయసు పిల్లల కోసం నవలలు రాయడం అక్కడ ఒక పెద్ద దారే అయింది. అంటే ఆ దారిని తీసినవాళ్ళలో మన గుంటల ఈడు పిల్ల ఒకతి ఉంది.

మన దగ్గర ఏమీ లేదని అనుకోకండి. మన నేల కథలకి గొడ్డుపోయిన నేల కాదు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారు 1910లో 'దిద్దుబాటు' రాశారు. దారి తప్పబోయిన మొగుడికి చదువుకున్న భార్య తెలివిగా బుద్ధి చెప్పిన కథ. విజయనగరంలోనే చాగంటి సోమయాజులు గారు, అందరూ చాసో అంటారు, 'కుంకుడాకు' అనే కథ రాశారు. ఇద్దరు చిన్న ఆడపిల్లలు. ఒకతి బడికెళ్తుంది, రెండోది పొయ్యిలోకి ఆకులు ఏరుకోవడానికి వెళ్తుంది. మన గుంటలకి ఈ కథ చదివి వినిపించండి. తమ ఊరి కథే అనుకుంటారు.

శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. మురపాకలో పుట్టి, విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు మాస్టారు దాన్ని 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించారు. తనకు వచ్చిన అవార్డుల డబ్బు, పుస్తకాల మీద వచ్చిన డబ్బు అందులోనే పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక చోట దొరకాలని ఆయన తపన. 2021లో ఆయన కన్నుమూశారు, కథానిలయం ఉంది. జిల్లా కేంద్రంలో మీటింగుకి వెళ్ళినప్పుడు బజారు పని అరగంట తగ్గించుకుని, పిల్లల్ని తీసుకుని ఒకసారి అక్కడికి వెళ్ళండి.

ఇంకో సంగతి. కేంద్ర సాహిత్య అకాడెమీ పిల్లల సాహిత్యానికి 2010 నుంచి ఏటా ఒక్కో భాషకి ఒక్కో పురస్కారం ఇస్తోంది. తెలుగులో 2018లో అది 'ఆనందలోకం' పుస్తకానికి నారంశెట్టి ఉమామహేశ్వరరావు గారికి వచ్చింది. మరుసటి ఏడు 2019లో 'తాత మాట వరాల మూట' కథల పుస్తకానికి బెలగాం భీమేశ్వరరావు గారికి వచ్చింది. ఇద్దరూ పార్వతీపురం వాళ్ళు. తెలుగు దేశమంతటికీ ఏడాదికి ఒకటే వచ్చే పురస్కారం వరసగా రెండేళ్ళు మన ఊరికి వచ్చింది. మనలో ఎంతమందికి తెలుసు? నాకూ ఈ ప్రసంగం కోసం అడిగి తెలుసుకునేదాకా తెలీదు. మన పక్క వీధిలో సినిమా షూటింగు జరిగితే వంద మందిమి పోతాం. మన పక్క ఊళ్ళో మన పిల్లల కోసం రాసే మనిషి ఉంటే పేరు కూడా తెలీదు.

కాస్త ఎదిగిన పిల్లలు చదివే నవలలు కూడా వస్తున్నాయి. ఆ పురస్కారం మొదటి ఏడు 2010లో కలువకొలను సదానంద గారి 'అడవి తల్లి' నవలకి వచ్చింది. 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ గారి 'మాయాలోకం' నవలకి వచ్చింది. సికింద్రాబాదులోని మంచి పుస్తకం వాళ్ళు పిల్లల పుస్తకాలు తక్కువ ధరకి వేస్తారు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళ సంఘం తానాతో కలిసి పిల్లల నవలల పోటీలు కూడా పెట్టారు. జపాన్ ఆవిడ ఒకరు తన చిన్నప్పటి బడి గురించి రాసిన పుస్తకం తెలుగులో 'రైలుబడి' పేరుతో దొరుకుతుంది. పాత రైలు పెట్టెల్లో నడిచిన బడి. పిల్లలే కాదు, తల్లులు, టీచర్లు చదవాల్సినది. కాబట్టి పుస్తకాలు అసలు లేవని కాదు. చిన్నపిల్లలకి ఉన్నన్ని పదిహేనేళ్ళ వాళ్ళకి లేవు. ఉన్నవి మన ఊరి దాకా రావడం లేదు.

ఎందుకు రావడం లేదు? ఇది మనకి బాగా అర్థమయ్యే లెక్క. మనం పచ్చళ్ళు పెట్టి అమ్మితే, కొనేవాళ్ళు లేకపోతే రెండో ఏడు మానీస్తాం. రాసేవాళ్ళూ అంతే. తెలుగులో చాలామంది రచయితలు సొంత డబ్బు పెట్టి ఐదు వందల కాపీలో వెయ్యి కాపీలో అచ్చు వేయించుకుంటారు. సగం ఇంట్లో అటక మీద ఉంటాయి, కొన్ని ఊరికే పంచుతారు. రాత్రుళ్ళు కూర్చుని రాసిన పనికి కూలి రాదు, పైగా చేతి డబ్బు పోతుంది. అలాంటప్పుడు పదిహేనేళ్ళ పిల్ల మనసు గురించి రెండో నవల ఎవరు రాస్తారు? మనం రాసేవాళ్ళని పిలిచి శాలువా కప్పుతాం, ఫొటో తీసుకుంటాం. శాలువా కప్పుకుని ఆయన సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కుని బస్సెక్కి వెళ్ళిపోతారు.

ఈ సంగతి మా గ్రామ సంఘంలో మాట్లాడినప్పుడు మూడు అభ్యంతరాలు వచ్చాయి. అవి మీకూ వస్తాయి కాబట్టి చెప్తున్నాను.

ఒక పెద్దమ్మ అంది, "కథలు చదివితే గుంటలు చెడిపోతారు. ప్రేమలు గీమలు నేర్చుకుంటారు." నేనన్నాను, "పెద్దమ్మా, ప్రేమ నేర్చుకోవడానికి పుస్తకం దాకా ఎందుకు, చేతిలో ఫోన్ ఉంది కదా. ఫోన్‌లో ఏం చూస్తోందో నీకు తెలీదు. పుస్తకమైతే గూట్లో ఉంటుంది, నువ్వు కూడా తీసి చదవొచ్చు." అయినా ఆమె భయం కొట్టిపారేసేది కాదు. అన్ని పుస్తకాలూ మంచివి కావు. అందుకే ముందు మనం చదవాలి.

రెండో అభ్యంతరం ఒక చెల్లెలిది. "పాఠాలు చదవడానికే టైం లేదు, మార్కులు పోతాయి." నిజమే, మార్కులు కావాలి. పరీక్ష తప్పితే జీవితం అయిపోయినట్టు కాదని మార్కుల పుస్తకం చెప్పదు కదా. పరీక్ష తప్పిన పిల్ల మళ్ళీ ఎలా లేచిందో కథ చెప్తుంది. ఆ కథ ఫలితాలు వచ్చే ముందు చదివి ఉండాలి. వచ్చాక చదివించడానికి కొన్నిసార్లు మనకి టైం ఉండదు.

మూడోది, "మాకు చదవడం రాదు, మాకెందుకు?" ఇది నాకు బాధ కలిగించింది. నాకు మాత్రం ఎంత వచ్చు? కూడబలుక్కుని చదువుతాను. నేను ఆ పుస్తకం చదవలేదు, విన్నాను. చదవడం గుంటల పని, వినడం మన పని. మన దగ్గర తప్పెటగుళ్ళు, జముకుల కథలు తెల్లవార్లూ విన్న ఆడవాళ్ళం మనం. వినడం మనకి కొత్తేటి?

మగపిల్లల మాట కూడా ఒకటి చెప్పాలి. ఈ పుస్తకాలు ఆడపిల్లలకే ఇస్తే సగం పనే అవుతుంది. పక్కనున్న పిల్ల మనసు ఎలా ఉంటుందో మన కొడుకులు కూడా చదవాలి. మేనరికం అడిగిన ఇంట్లో కుర్రాడు ఒక్కడు "అమ్మా, ఆ గుంటని చదువుకోనీ" అంటే నాకు అంత రభస ఉండేది కాదు.

ఇక మేం చేసుకున్న ఏర్పాటు చెప్తాను. మన సంఘాలకి పంచసూత్రాలు ఉన్నాయి కదా. మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా కట్టడం, లెక్కలు రాయడం. పుస్తకాలకి కూడా అవే పెట్టుకున్నాం.

పొదుపు ఏమిటంటే, ఒక్కో సభ్యురాలు ఏడాదికి పది రూపాయలు. నెలకి కాదు, ఏడాదికి. పది మంది ఉన్న సంఘానికి వంద రూపాయలు. మా గ్రామ సంఘంలో ఇరవై సంఘాలు. మొత్తం రెండు వేలు. పుస్తకం సుమారు వంద రూపాయలు అనుకుంటే ఏడాదికి ఇరవై పుస్తకాలు. గ్రామ సంఘం ఆఫీసులో రికార్డుల బీరువా పక్కన ఒక అర పెట్టాం.

ఎంపిక ఎవరిదంటే, ఇద్దరు తల్లులు, ఇద్దరు పిల్లలు ముందు చదివి ఒప్పుకోవాలి. పిల్లలు "బాగులేదు, నీతులు ఎక్కువ" అంటే కొనం. వాళ్ళ మాట కొట్టిపారేస్తే ఆ పుస్తకం అరలోనే ఉండిపోతుంది.

అప్పు ఎలాగంటే, పదిహేను రోజుల గడువు. రిజిస్టరులో పుస్తకం పేరుతోపాటు రాసినవాళ్ళ పేరు కూడా రాయాలి. ఇది నేను పట్టుబట్టి పెట్టించిన నిబంధన. అట్ట చిరిగినా పేరు పోకూడదు. తిరిగి ఇచ్చేటప్పుడు జరిమానా లేదు గానీ, చదివిన పిల్ల మీటింగులో లేచి ఒక మాట చెప్పాలి. నచ్చిందని చెప్పొచ్చు, నచ్చలేదని చెప్పొచ్చు. నెలలో ఒక మీటింగులో వసూళ్ళు అయ్యాక పది నిమిషాలు ఎవరో ఒక పిల్ల చదువుతుంది, మనం వింటాం.

వాయిదా అంటే రచయితకి కట్టవలసిన వాయిదా. పుస్తకం కొనే చదువుతాం. జెరాక్సు తీయించం. వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తే, రాసినవాళ్ళే ఊరికే ఇచ్చారని తెలిస్తేనే తిప్పుతాం. మన పచ్చడి సీసా ఎవరో ఊరికే పంచిపెడితే మనం ఊరుకుంటామా? పుస్తకం నచ్చితే పిల్లలు రచయితకి ఉత్తరం రాస్తారు. కార్డు ముక్కే. "మీ పుస్తకంలో ఫలానా పిల్ల నాలాగే ఉంది" అన్నా చాలు. రాసేవాళ్ళకి అది శాలువా కంటే వెచ్చన. రచయితని ఊరికి పిలిస్తే దారి ఖర్చులు, భోజనం, చేతిలో పెట్టే కవరు ముందే బడ్జెట్‌లో రాసుకుంటాం. ఆ రోజు ఆయన పుస్తకాలు పది కొంటాం. లేకపోతే పిలవం.

ఇంకొకటి, మనం ఇప్పటికే కడుతున్న డబ్బు. ఇంటి పన్ను రసీదు చూడండి. గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది. పన్ను రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆ డబ్బు గ్రంథాలయాలకి వెళ్ళాలి. కాబట్టి శాఖా గ్రంథాలయానికి వెళ్ళి "మా పదిహేనేళ్ళ గుంటలకి ఏ పుస్తకాలున్నాయి, లేకపోతే ఇవి తెప్పించండి" అని జాబితా ఇచ్చి అడగడం మన హక్కు. ఒక్కరు అడిగితే చూద్దాం అంటారు. సంఘం లెటర్‌హెడ్ మీద అడిగితే సమాధానం చెప్పాలి.

ఇదంతా ఒక ఊరి లెక్క. అందరం కలిస్తే ఎంతో చూడండి. శ్రీకాకుళం జిల్లాలో ఇప్పుడు 30 మండలాలు. మండలానికి ముప్పై గ్రామ సంఘాలు అనుకుని, ఒక్కో గ్రామ సంఘం ఒక మంచి నవలని ఒక్కటంటే ఒక్క కాపీ కొంటే 900 కాపీలు. విజయనగరం, పార్వతీపురం మన్యం కూడా కలిస్తే, ఒక రచయిత అచ్చు వేయించుకున్న కాపీలన్నీ మనమే అయిపోజేస్తాం. ఆ రచయిత రెండో పుస్తకం రాస్తారు. మనకి ఒక్కో ఊరికి అయ్యేది వంద రూపాయలు.

చివరిగా మన పిల్లలే రాయడం గురించి. మా గుంట ఒకసారి బడిలో వ్యాసంలో "ఏటి", "గుంట" అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టీశారట. ఆ రోజు నుంచి సొంత మాటలు రాయడం మానీసింది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఎక్కడివారు? శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టినవారు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడినవారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. అదే నేలలో మన గుంటల మాట తప్పు ఎలాగవుతుంది? పరీక్షలో పరీక్ష భాష రాయనీండి. కథలో మాత్రం వాళ్ళ మాట వాళ్ళని రాయనీండి. జీడితోటల్లో పనికెళ్ళే పిల్ల, సముద్రం మీదికి పోయిన నాన్న కోసం చూసే పిల్ల, సవర ఊళ్ళో హాస్టల్లో ఉండే పిల్ల, వీళ్ళ కథలు వీళ్ళు రాయకపోతే ఎవరు రాస్తారు? ఏటా ఆగస్టు 29న ప్రతి గ్రామ సంఘం పిల్లల చేత ఒక్కో కథ రాయించి, మంచివి ఏరి వచ్చే ఏటి ఈ నివేదికలోనే వెయ్యమని ఓబీలని కోరుతున్నాను. రాసిన ప్రతి పిల్ల పేరూ కింద వెయ్యాలి.

ఇవి ఈ మహాసభ ముందు తీర్మానంగా పెడుతున్నాను. సభ్యురాలికి ఏడాదికి పది రూపాయలు, గ్రామ సంఘానికి ఒక అర, రిజిస్టరులో రచయిత పేరు, పిలిచిన రచయితకి ఖర్చులు. మీరు ఒప్పుకుంటే చేతులెత్తండి. ఈసారి మొదటి సంతకం నాది వద్దు. ఒక తీర్మానం మీద మొదటి సంతకం పెట్టి ఇంటికెళ్ళి ఏం చేశానో మీకు చెప్పీసాను. ముందు మన గుంటల చేత పెట్టించండి. మనం వాళ్ళ కింద పెడదాం.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. పదిహేనేళ్ళ పిల్ల, ట్రంకుపెట్టె అడుగున మడతపెట్టిన యూనిఫాం. ఈ కథ మీలో ఎవరి ఇంట్లోనైనా, ఏ బడిలోనైనా అట్టతో సహా కనబడితే నాకు కబురు చెయ్యండి. చివర్లో ఆ పిల్ల ఏమైందో తెలుసుకోవాలి. రాసినవాళ్ళ పేరు తెలుసుకుని, ఆ పుస్తకం ఇరవై కాపీలు కొని, మా గుంట చేత ఒక ఉత్తరం రాయించాలి. నా బాకీ అప్పటికి కొంత తీరుతుంది.